ఇంటిలోని మనీ ప్లాంటు - దాని పోషణ

మన పాఠశాలలో నేడు మనీ ప్లాంటు లేని గది లేదు. కార్యాలయములో ఒకటి, గ్రంథాలయములో రెండు, ఏడవ తరగతి కిటికీలో ఖాళీ పచ్చడి సీసాయందు ఒకటి. వీనిలో కొన్నది ఒక్కటియు లేదు. దొంగిలించి తెచ్చిన తీగయే బాగుగ పెరుగుననియు, అదియే ఇంటికి ధనము తెచ్చుననియు లోకములో ఒక నమ్మకము కలదు. దానిని నమ్మి పాఠశాల ప్రక్క ఇంటి ప్రహరీపై తీగను త్రుంచి తెచ్చిన ఇద్దరు బాలురను నేను వెనుకకు పంపి, ఆ ఇంటి అవ్వగారిని అడిగి తెచ్చుకొనుడని చెప్పితిని. ఆమె వారడిగిన దానికంటె ఎక్కువయే ఇచ్చినది. అడిగి తెచ్చిన ఆ తీగయు చక్కగనే బ్రతికినది.

ఇంత సులభముగ లభించుటచేతనే ఈ మొక్కను గూర్చి తెలిసికొనవలసినది కలదని ఎవరికిని తోచదు. నాకును తోచలేదు. అందువలన ఏమి జరిగినదో ముందు చెప్పెదను.

పసిఫిక్ మహాసముద్రములో తాహితి ద్వీపమునకు సమీపమున మోరియా అను చిన్న ద్వీపము కలదు. ఈ తీగకు జన్మస్థానము అదియే. 1880లో దీనిని మొదట వర్ణించిన శాస్త్రజ్ఞులు పోథాస్ ఆరియస్ అని పేరిడిరి. మొక్కకు సరియైన కులము నిర్ణయింపవలెనన్న పూవును చూడవలెను. ఈ తీగయో పూయుటయే అరుదు. 1962లో పూవు పరిశీలనకు దొరకిన పిదప పేరు మారెను. 1964లో మరల మారి, నేటి ఎపిప్రెమ్నమ్ ఆరియమ్ అను నామము స్థిరపడెను. పూయకపోవుటకు కారణమును 2016లో ప్రకటితమైన ఒక పరిశోధన తెలిపినది. పుష్పించుటకు వలసిన జిబ్బరెలిన్ అను పదార్థమును ఈ మొక్క తగినంతగ తయారు చేసికొనలేదట. కావున మన కిటికీలోని తీగ పూయలేదని ఎవరును చింతింపనక్కరలేదు.

వింతయేమనగా, ఈ పరదేశపు తీగ మన వంటయింటి చేమకును, కందకును బంధువు. ఆయుర్వేదమున వాడు గజపిప్పలి తీగయు ఆ కుటుంబములోనిదే. కంద కోయునపుడు చేయి దురదపెట్టుట మీ యమ్మలకు తెలియును. కాల్షియం ఆక్సలేటు అను లవణము సూదులవంటి స్ఫటికములై అందులో నుండుటచే ఆ దురద కలుగును. మనీ ప్లాంటు ఆకులోను అవియే కలవు. కందను ఉడికించి, చింతపండు వేసి తిందుము; ఈ ఆకు మాత్రము ఏ విధమునను తినదగినది కాదు. నమలినచో నోరు, నాలుక మండి వాచును. చంటిపిల్లలును, పిల్లులును తిరుగు ఇంట తీగను అందనంత ఎత్తున ఉంచవలెను. తుంచిన పిదప చేతులు కడుగుకొనక కన్నులు నులుముకొనరాదు.

ఇక పోషణ. అడవిలో ఈ తీగ పెద్ద వృక్షముల నీడన నేలపై ప్రాకి, ఒక మ్రాను దొరకినంతనే కణుపుల వేళ్ళతో దానిని పట్టుకొని 20 మీటర్ల వరకు ఎక్కును. ఎక్కినకొలది ఆకు పెద్దదగును. మన గదిలో అరచేయియంత యుండు ఆకు అచ్చట మీటరు పొడవు వరకు పెరిగి, అంచులు చీలియుండును. దీనిని ఒక్కసారి మనస్సున చిత్రించుకొన్నచో తక్కిన నియమములను వేరుగ వల్లె వేయనక్కరలేదు. చెట్లనీడలో పుట్టినది గనుక దీనికి తీక్ష్ణమైన ఎండ తగిలినచో ఆకు మాడును. అట్లని చీకటి మూలయు తగదు. కిటికీకి రెండు మూడడుగుల దూరమున, పుస్తకము చదువుటకు చాలునంత వెలుతురు ఉన్న చోటు మంచిది. ఆకుమీది పసుపు చారలలో పత్రహరితము మిక్కిలి తక్కువ. వెలుతురు చాలనిచో క్రొత్త ఆకులు చారలు లేక పచ్చగ వచ్చును. చారలు పోవుచున్నవన్న కుండీని వెలుతురుకు జరుపవలెనని తెలిసికొనుడు. పెద్ద ఆకులు కావలెనన్న తీగను క్రిందికి వ్రేలాడనీయక, కొబ్బరి పీచు చుట్టిన కర్రను నాటి దానిమీదికి ఎక్కింపవలెను. పీచును తడుపుచుండిన వేళ్ళు దానిని పట్టుకొనును.

మన హోసూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. మార్గశిర, పుష్య మాసములలో రాత్రులు చల్లగ నుండును. ఉష్ణదేశపు మొక్క చలికి తాళదు. ఆ రెండు నెలలు రాత్రి కిటికీ తలుపులు మూయవలెను, నీరు తగ్గింపవలెను, ఎరువు వేయనే రాదు.

కుండీలోని తీగలు చచ్చుట దాహముచేత కాదు. ప్రేమచేత. ఆరవ తరగతివారి కుండీకి ఒక సంవత్సరము నలుగురు పిల్లలు, ఒకరి సంగతి ఒకరికి తెలియక, ప్రతిదినము నీరు పోసిరి. ఆకులు పసుపుబారెను. నీరు చాలలేదని తలచి మరింత పోసిరి. కుండీని బోర్లించి చూడగా వేళ్ళు నల్లబడి, మెత్తబడి, దుర్వాసన కొట్టుచుండెను. వేళ్ళకును గాలి కావలెను. మట్టిలోని సందులన్నియు నీటితో నిండినచో గాలియాడక అవి కుళ్ళును. కావున కుండీకి అడుగున రంధ్రము తప్పక ఉండవలెను. ఎర్రమన్ను, ఇసుక, చివికిన పశువుల ఎరువు, కొంత కొబ్బరి పొట్టు కలిపినచో నీరు నిలువదు. వ్రేలిని రెండు కణుపుల లోతు మట్టిలో గ్రుచ్చి చూడుడు. తడి తగిలినచో చెంబును క్రింద పెట్టుడు.

ఇక ముందు చెప్పెదనన్న సంగతి. కుండీలో నీరు మట్టిలో నింకును; సీసాలో నిలిచియుండును. కణుపుతో కూడిన ముక్కను త్రుంచి, ఆ కణుపు మునుగునట్లు నీటిలో ఉంచిన కొన్ని దినములకే వేళ్ళు వచ్చును. ఇది మీరందరు ఎరిగినదే. నా బల్లమీద అట్టి సీసా ఒకటి చాలకాలముగ నున్నది. చూడవచ్చినవారికి దానిని చూపి సంతోషించువాడను.

ఒక వర్షకాలమున ఏడవ తరగతి బాలుడొకడు డెంగీ జ్వరముతో మూడు వారములు బడికి రాలేదు. ఆరోగ్య కార్యకర్త యొకామె వచ్చి నీటితొట్లు, పెరటిలోని పాత డబ్బాలు చూచినది. దోషమేమియు కనబడలేదు. నేను సంతోషించుచుండగా ఆమె నా బల్లమీది సీసాను ఎత్తి వెలుతురుకు పట్టెను. వేళ్ళ నడుమ సన్నని పురుగులు వంకరలు తిరుగుచు క్రిందికిని పైకిని ఈదుచుండెను. "సార్, ఈ నీళ్లు మార్చి ఎన్నాళ్లయింది?" అని ఆమె అడిగినది. నేను చెప్పలేకపోతిని. నీరు తగ్గినపుడు పైనుండి నింపుటయే గాని మార్చుట నేనెరుగను. ఆ బాలుని కుట్టిన దోమ నా సీసాలో పుట్టినదనుటకు ఆధారము లేదు. కాదనుటకును లేదు.

డెంగీని వ్యాపింపజేయు ఈడిస్ దోమ మురుగునీటిని అంతగ కోరదు. ఇంటిలోపల నిలిచిన తేటనీరే దానికి ప్రియము. అది పగటివేళ, అనగా మీరు తరగతిలో కూర్చున్నవేళ, కుట్టును. గ్రుడ్డు దోమయగుటకు సుమారు 7 నుండి 10 దినములు చాలును. గ్రుడ్లను నీటి అంచున పాత్ర గోడకు అంటించును. నీరు పారబోసినను అవి ఎండి నెలలకొలది బ్రతికియుండి, మరల తడి తగిలినపుడు పగులును. కావున నీరు మార్చుట మాత్రమే చాలదు. సీసా లోపలి గోడను బ్రష్షుతో తోమవలెను. వేళ్ళను ధారక్రింద కడుగవలెను. మూతిని దూదితో గాని పలుచని గుడ్డతో గాని బిగింపవలెను.

ఈ తీగ గదిలోని గాలిని శుద్ధి చేయును, దీనిని తీసివేయవచ్చునా అని కొందరు ఉపాధ్యాయులు నన్నడిగిరి. 1989లో అమెరికా అంతరిక్ష సంస్థవారు మూసిన చిన్న పెట్టెలలో చేసిన ప్రయోగమే ఆ మాటకు మూలము. 2019లో ప్రకటితమైన ఒక సమీక్ష ప్రకారము, తలుపులు కిటికీల వలన వచ్చు గాలిమార్పుతో సమానమైన ఫలము కావలెనన్న ఒక చదరపు మీటరు నేలకు 10 మొదలు 1000 మొక్కలు కావలెను. కిటికీ తెరచుట సులభము.

నా సీసాను నేను తీసివేయలేదు. ప్రతి శుక్రవారము చివరి గంట మ్రోగిన పిదప దానిని నేనే తోమెదను. తరగతుల సీసాలను ఆయా తరగతి నాయకులు ఆ గంటకే తోమి, గోడమీది పట్టికలో తేదీ వ్రాయవలెను. పట్టికలో రెండు శుక్రవారములు ఖాళీగ కనబడిన సీసా తరగతిలో నుండదు. వేసవి సెలవులకు ముందు సీసాలన్నియు ఖాళీ చేసి, తోమి, ఎండలో బోర్లింపబడును. తీగలను కుండీలలో నాటి తూర్పు వరండాలో ఉంచెదము. ఇంటికి కొనిపోదలచినవారు పేరు వ్రాయించి తీసికొనిపోవచ్చును.