ఆయాసం ఉన్నవాళ్లు – పురుగుల ఇంటి పని

మన ఇళ్లలో ఉబ్బసం, సిఓపిడి ఉన్న పెద్దవాళ్లు పంట పోతుందేమోనని ఆయాసంతోనే పనిచేస్తుంటారు. వాళ్ల కోసం మనం పాటించాల్సినవి:

1. ఫార్మలిన్, బ్లీచింగ్ కొట్టేటప్పుడు, సున్నం, విజేత పొడి చల్లేటప్పుడు వాళ్లను లోపలికి పంపొద్దు. మూతికి కట్టిన టవలు ఆ ఘాటును ఆపదు. తలుపులు, కిటికీలు తీసి ఘాటు పోయాకే రానిద్దాం.

2. డాక్టరు రోజూ వాడమన్న ఇన్‌హేలర్‌ను "ఇప్పుడు బాగుంది కదా" అని మానొద్దు. నొక్కే రకమైతే బాగా ఊపి, ఊపిరంతా వదిలి, నొక్కుతూ మెల్లగా పీల్చి, 10 సెకండ్లు బిగబట్టాలి. తర్వాత నోరు పుక్కిలించాలి.

3. ఒక్క మాట పూర్తిగా అనలేకపోయినా, పెదాలు నీలంగా మారినా వెంటనే 108కి ఫోన్ చేద్దాం. ఆకు వేసే పని ఆగినా పరవాలేదు.