క్యాన్సరు పుండు: పరీక్షించుట, వివరించుట

మన పెద్దలు రాచపుండు అని పిలిచిన క్యాన్సరు వ్యాధి కొందరిలో చర్మమును తొలుచుకొని బయటపడి, మానని పుండుగా మారును. రొమ్ముపైనను, ముఖముపైనను, మెడపైనను ఇది ఎక్కువగా కనిపించును. పొగాకు నమలు అలవాటు గల మన దేశమున, నోటిలో పుట్టి బుగ్గను తొలిచి వెలికి వచ్చు పుండ్లు అరుదు కావు.

సాధారణమైన గాయమును కొలుచుట అది ఎంత పూడినదో తెలిసికొనుటకు. క్యాన్సరు పుండు మూలవ్యాధి లొంగిననే గాని మానదు. కావున నర్సు ముందుగా తెలిసికొనవలసినది, ఆ పుండు రోగిని ఏ విధముగా బాధించుచున్నది అనునదియే. ఇంటివారు “పుండు బాగా లేదు” అని చెప్పినంత మాత్రమున ఆమెకు ఏమియు తెలియదు.

దుర్గంధమును గూర్చి చెప్పుటకు పలువురు సంకోచింతురు. చచ్చిన కండలో గాలి అవసరము లేక పెరుగు సూక్ష్మజీవులు దీనికి ముఖ్యకారణము. రోగి అశుభ్రత కాదు. వాసన కట్టు విప్పినపుడు మాత్రమే తెలియుచున్నదా, మంచము చెంతకు పోగానే తెలియుచున్నదా, గుమ్మము కడనే సోకుచున్నదా అనునది వ్రాయవలెను. వైద్యుని సలహాపై మెట్రోనిడజోల్ మాత్రల పొడిని పుండుపై చల్లుట మన దేశమున వాడుకలో నున్నది. గుమ్మము కడ తెలిసిన వాసన కొలది దినములలో మంచము కడకు తగ్గినచో మందు పనిచేయుచున్నదన్నమాట. అగరువత్తులు వెలిగించుట వలన రెండు వాసనలు కలిసి రోగికి వికారము హెచ్చును.

నొప్పి ఎల్లప్పుడును ఉన్నదా, కట్టు మార్చునపుడే కలుగుచున్నదా? ఈ భేదము మిక్కిలి ముఖ్యము. కట్టు మార్చునపుడే అయినచో, అర లీటరు నీటిలో ఒక చెంచాడు ఉప్పు వేసి కాచి చల్లార్చి, ఆ నీటితో కట్టును బాగుగా నానబెట్టి తీయవలెను. నొప్పిమందును అరగంట ముందుగా ఇయ్యవలెను. ఎడతెగని నొప్పికి వైద్యుడు మార్ఫిను వ్రాయవచ్చును. 2014లో చట్టమును సవరించుట వలన ఆస్పత్రులు దానిని తెప్పించుకొనుట సులభమైనది.

రసి దినమునకు ఎన్ని కట్లను తడుపుచున్నది, చుట్టునున్న చర్మము ఎర్రబడి నానినదా అనునవియు వ్రాయవలెను. నెత్తురు కారినచో శుభ్రమైన గుడ్డతో పది నిమిషములు అదిమి పట్టి వెంటనే కబురు పంపవలెను. ముదురు రంగు గుడ్డ అయినచో రోగి బెదరిపోడు. పురుగులు పడినచో దాచరాదు. ఈగ వాలిన ఏ పుండుకైనను అది సంభవమే. పొడవు, వెడల్పులను వారమున కొకసారి కొలిచిన చాలును. లోతు తెలియుటకు పుల్లతో పొడువరాదు.

ఇన్ని చూచిన పిమ్మట, అన్నిటికంటె ఎక్కువ బాధ దేని వలన అని రోగినే అడిగి, ఆ మాటను ఉన్నదున్నట్లు వ్రాయవలెను. ఒక మాదిరి:

“ఎడమ రొమ్ము. పొడవు 8, వెడల్పు 6 సెంటీమీటర్లు. సగము పసుపు, సగము ఎరుపు. వాసన మంచము కడ. దినమునకు మూడు కట్లు తడియుచున్నవి. నొప్పి కట్టు విప్పునపుడు. నెత్తురు లేదు. రోగి మాట: మనవడు పక్కలో పడుకోవటం లేదు.”