ఎం-బుక్ చదవడం నేర్చుకో

విజయవాడ

చిరంజీవి చిన్నాకి పెదనాన్న దీవించి రాయునది.

హైదరాబాదులో కన్సల్టెన్సీ ఉద్యోగం మానేసి ఇక్కడ కార్పొరేటర్‌గా నిలబడతావట. మీ అమ్మ ఫోన్లో ఒకటే ఏడుపు. నువ్వేమో నాకు నీ ప్లాను స్లైడులు పంపి చూసి చెప్పమన్నావు. చూశాను. రంగులు బాగున్నాయి. సైడు కాలవ మాత్రం ఎక్కడా కనపడలేదు.

వద్దనను. ప్రకాశం పంతులుగారు 1946లో మద్రాసు ప్రధాని కావడానికి ఎన్నో ఏళ్ల ముందే రాజమండ్రి మునిసిపల్ ఛైర్మన్‌గా చేశారు. చిన్న పనేం కాదు. కానీ నువ్వు ఇన్నాళ్లూ ఓ యజమానికి సలహా చెప్పావు, ఆయన ఊఁ అంటే జరిగిపోయింది. ఇక్కడ 64 డివిజన్లలో నీదొకటి. కమిషనర్‌ని ప్రభుత్వం పంపుతుంది. బిల్లుల మీద సంతకాలు ఆఫీసువాళ్లవి. నీకు మిగిలేది అడగడం. అడగాలంటే ఎం-బుక్ తెలియాలి.

నవ్వకు. ఏ పని ఎంత పొడవు, ఎంత లోతు జరిగిందో అసిస్టెంటు ఇంజినీరు కొలిచి రాసేది అందులోనే. కాంట్రాక్టరు బిల్లు దాన్ని బట్టే. నేను వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేరిన కొత్తలో ఒక రిటైర్డు మాస్టారు కౌన్సిలర్‌గా ఉండేవారు. పూడిక తీశామన్న కాలవలో గొడుగు దించి, తడి ఎంతవరకు అంటిందో చూసి, "పుస్తకంలో మూడడుగులు, గొడుగుకి రెండడుగులే" అనేవారు. బిల్లు ఆగిపోయేది. పాపం, గొడుగులు మాత్రం ఆయన జేబులోంచే. తర్వాతి ఎన్నికలో ఓడిపోయారనుకో, అది వేరే కథ.

2024 సెప్టెంబరులో బుడమేరు గండి పడి సింగ్‌నగర్‌ని ముంచింది. ఆ గండి కార్పొరేటర్లు పూడ్చేది కాదు, ఒప్పుకుంటాను. కానీ మామూలు వానకే వీధులు ఎందుకు మునుగుతాయి? తీసిన పూడిక గట్టునే వదిలేస్తారు, వానకి మళ్లీ కాలవలోకే. రెండోసారి బిల్లు. నీ స్లైడులు దీన్ని పట్టుకోలేవు నాయనా.

భోజనం వేళకి తింటున్నావా? ఫోటోలో చిక్కిపోయి కనపడ్డావు. సున్నుండలు పంపిస్తున్నాను.

ఇంకొకటి. కార్పొరేషన్ కాంట్రాక్టులో వాటా ఉన్నవాడు కార్పొరేటర్‌గా ఉండటానికి చట్టం ఒప్పుకోదు. మీ కంపెనీ క్లయింట్లలో ఎవరైనా ఇక్కడ టెండర్లు వేస్తున్నారేమో, నీ పేరు ఏ కాగితం మీదుందో ఇప్పుడే చూసుకో. డబ్బు సంగతి చెప్పను. మీ తాతయ్య నిలబడ్డ ఏడాది మాచవరం పొలం ఏమైందో నీకు తెలుసు.

డివిజను మహిళలకో, బీసీలకో రిజర్వు అయితే నీ ప్లానంతా గాలికి పోతుంది. రాజీనామా కాగితం ఇంకా ఇవ్వకపోతే ఆగు. రిజర్వేషన్ల జాబితా వచ్చాక ఇద్దువుగాని.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న