పచ్చికలోకి వెళ్లేముందు: సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. ఇప్పుడు ఛత్తీస్‌గఢ్‌లో, రాయ్‌పూర్ దగ్గరి సిల్తారాలో స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. పిల్లలకు జింకలను జూలో కాకుండా బయట చూపించాలని ఉంది. దగ్గర్లో ఎక్కడికి, ఎప్పుడు వెళ్తే మంచిది?
– ఒక పాఠకుడు, సిల్తారా

జవాబు: బార్నవాపారా వెళ్లండి. రాయ్‌పూర్ నుంచి అరంగ్ మీదుగా జాతీయ రహదారిలో పటేవా దాకా పోయి, అక్కడ ఎడమకు తిరగాలి. రాయ్‌పూర్ నుంచి వంద కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. 245 చదరపు కిలోమీటర్ల ఈ అడవిని 1976లో అభయారణ్యంగా ప్రకటించారు. పడమటి అంచున బలమ్‌దేహి, ఈశాన్యాన జోంక్ నదులు పారతాయి.

అక్కడికి వెళ్లినవాళ్లంతా చిరుతపులి, అడవిదున్న కనబడ్డాయా అని అడుగుతారు. మీరు మాత్రం రాంపూర్ గడ్డి మైదానం దగ్గర ఆగమని గైడుకు ముందే చెప్పండి. మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింక ఒకప్పుడు ఇక్కడ తిరిగేది. గడ్డినేలలు పోవడంతో 1970ల నాటికి కనుమరుగైంది. ఢిల్లీ జూ నుంచి, బిలాస్‌పూర్ కానన్ పెండారీ జూ నుంచి కొన్నింటిని తెచ్చి, ముందు కంచె లోపల అలవాటు చేసి, తర్వాత ఈ పచ్చికలోకి వదిలారు. అవి బతకాలంటే చెట్లు నాటితే చాలదు, మేత గడ్డి కావాలి, దూరం దాకా కనబడే బయలు కావాలి. గడ్డినేలను ‘ఖాళీ జాగా’ అనుకోవడం వల్లే మన దేశంలో ఎక్కువ నష్టం జరిగిందని నా అభిప్రాయం.

వానాకాలంలో అభయారణ్యం మూసేస్తారు. మామూలుగా నవంబరులో తెరుస్తారు. గడ్డి ఎండి పలచబడ్డాక, ఫిబ్రవరి తర్వాత జంతువులు బాగా కనబడతాయి. పొద్దున్నే మొదటి జీపు ఎక్కండి. నల్లగా నిగనిగలాడే మెలికల కొమ్ముల మగజింకను పిల్లలు ఇట్టే పోల్చుకుంటారు. లేత గోధుమ రంగు ఆడజింక ఎండుగడ్డిలో కలిసిపోతుంది, ఓపిగ్గా వెతకాలి.

అంత దూరం వీలుకాని ఆదివారం, చలికాలమైతే బిలాస్‌పూర్ రోడ్డులో నాంద్‌ఘాట్ దాటి గిధ్వా-పరసదా చెరువులకు వెళ్లండి. వలస బాతులు దిగుతాయి.

ప్రశ్న: మా అన్నయ్య అమెరికాలో ఉంటాడు. అక్కడ రక్షిత ప్రాంతాల్లో కూడా లైసెన్సు తీసుకుని బాతులను వేటాడతారట. ఇక్కడ అలాంటి లైసెన్సు ఇస్తారా? పొలాల మీద పడే అడవిపందుల సంగతేమిటి?
– ఒక పాఠకుడు, భిలాయ్

జవాబు: మీ అన్నయ్య చెప్పింది నిజమే. అక్కడ వన్యప్రాణి రక్షణ కేంద్రాలు చాలావాటిలో సీజనులో వేటకు అనుమతి ఉంది. బాతుల వేటగాళ్లు 1934 నుంచి ప్రత్యేక స్టాంపు కొంటున్నారు; ఆ డబ్బుతో చిత్తడి నేలలు కొని కాపాడుతున్నారు. మనం వేరే దారి పట్టాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద సరదా వేటకు లైసెన్సు అనేదే లేదు. అభయారణ్యంలో వేటాడితే మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25 వేల జరిమానా.

వేటంటే తుపాకీ ఒక్కటే కాదు. ఉచ్చు వేయడం, ఎర పెట్టడం, పూరేడు పిట్టలకు వల పన్నడం, గూడు కదపడం, గుడ్లు పాడుచేయడం కూడా చట్టం దృష్టిలో వేటే. తీతువు పిట్ట గూడంటూ కట్టదు. ఏటి ఒడ్డు గులకరాళ్ల మధ్య గుంటలో, అదే రంగు మచ్చల గుడ్లు నాలుగు పెడుతుంది. పిట్ట మీ నెత్తి మీద అరుస్తూ తిరుగుతోందంటే గుడ్లు మీ కాళ్ల దగ్గరే ఉన్నాయన్నమాట. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వెళ్లండి.

పంట పాడుచేసే అడవిపంది విషయంలో అధీకృత అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. రైతు బాధ చిన్నది కాదు, అందుకే ఆ దారి చట్టంలో ఉంచారు. కానీ చంపిన జంతువు ప్రభుత్వ ఆస్తి, మాంసం పంచుకోవడానికి లేదు. కరెంటు తీగకు కొక్కెం తగిలించి పొలం చుట్టూ వైరు లాగే పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. ఛత్తీస్‌గఢ్‌లో ఆ తీగలకు ఏనుగులు చనిపోయాయి, మనుషులూ చనిపోయారు.

ప్రశ్న: ఖారున్ నదిలో గేలం వేయవచ్చా? అడవికి వెళ్లినప్పుడు జోంక్‌లో?
– ఒక పాఠకుడు, సిమ్‌గా

జవాబు: అభయారణ్యం హద్దుల్లో వద్దు. అక్కడ చేప కూడా వన్యప్రాణే.

బయట, ఖారున్ శివనాథ్‌లో కలిసే సోమనాథ్ వైపు గేలం వేసేవాళ్లు జూన్ 16 నుంచి ఆగస్టు 15 వరకు ఆపేయాలి. బొచ్చె, రాగండి, మోసు మొదటి వరదల్లో గుడ్లు పెట్టే కాలమది. ఛత్తీస్‌గఢ్‌లో ఆ రెండు నెలలూ నదుల్లో, వాటితో కలిసిన వాగుల్లో చేపలు పట్టడం నేరం. నదితో సంబంధం లేని చిన్న చెరువులకు ఈ నిషేధం లేదు. అయితే ఊరి చెరువులు చాలావరకు మత్స్యకార సంఘాల కౌలులో ఉంటాయి, వాళ్లనడిగి గేలం వేయండి. పేలుడు మందు, విషం వాడి చేపలు పట్టడం 1897 మత్స్య చట్టం నాటి నుంచే నిషేధం.

ప్రశ్న: గడ్డిలో ఒంటరిగా పడుకున్న జింకపిల్లను చూశాం. తల్లి లేదు. ఎత్తుకొచ్చి అటవీశాఖకు అప్పగించాల్సిందా?
– ఒక పాఠకురాలు, రాయ్‌పూర్

జవాబు: వదిలి రావడమే మంచిపని. కృష్ణజింక తల్లి మొదటి రోజుల్లో పిల్లను గడ్డిలో దాచి దూరంగా మేస్తుంది, పాలివ్వడానికి వస్తుంది. పిల్ల కదలకుండా ఉండేది భయంతోనో జబ్బుతోనో కాదు, అదే దానికి రక్ష. మీరు దగ్గర నిలబడినంతసేపూ తల్లి రాదు. గాయం కనబడితేనో, కుక్కలు చుట్టుముడితేనో గైడుకు, ఫారెస్టు గార్డుకు చెప్పండి, చోటు చూపించండి. తాకకండి.