పట్టికలో గడులు ఎంచుకుంటే ప్రోగ్రాంకు అందే సమాచారం ఎంత?

స్ప్రెడ్‌షీట్‌లో నాలుగైదు గడులను మౌస్‌తో లాగి ఎంచుకోగానే అడుగున వాటి మొత్తం, సగటు కనిపిస్తాయి. మనందరికీ అలవాటైన సదుపాయమే. దీన్ని సొంత ప్రోగ్రాంలో రాయబోయినప్పుడే అసలు చిక్కు తెలుస్తుంది. ప్రోగ్రాం ఆగిపోతే తప్పు ఉందని ఎవరికైనా అర్థమవుతుంది. తప్పు సగటు చూపించే ప్రోగ్రాం మాత్రం హాయిగా నడుస్తూనే ఉంటుంది, ఆ అంకె నివేదికలోకి వెళ్లిపోతుంది.

ఉదాహరణకు క్యూట్ అనే లైబ్రరీని తీసుకుందాం. నార్వేలో పుట్టి 1995లో తొలిసారి విడుదలైన ఈ లైబ్రరీ మీదనే మ్యాపుల పనికి వాడే క్యూజీఐఎస్, లినక్స్‌లో కనిపించే కేడీఈ డెస్క్‌టాప్ నిర్మించారు. పైథాన్‌లో ప్రోగ్రాంలు రాసేవారూ దీన్ని వాడతారు. తెర మీద ఏదైనా జరిగినప్పుడు పట్టిక ఒక ‘సిగ్నల్’ పంపుతుంది. ఆ సిగ్నల్‌కు మనం ముందే జతచేసి ఉంచిన ఫంక్షన్ నడుస్తుంది. దాన్ని ‘స్లాట్’ అంటారు.

సిగ్నళ్లు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. కొత్తగా నేర్చుకునేవారు ముందుగా ‘సెల్ క్లిక్డ్’ను పట్టుకుంటారు. షిఫ్ట్ కీ నొక్కి బాణం కీలతో ఎంచుకుంటే అది అసలు మోగదు. ‘కరెంట్ సెల్ ఛేంజ్డ్’ కూడా సరిపోదు, అది కర్సర్ ఉన్న ఒక్క గడి గురించే చెబుతుంది. మనకు కావలసింది పట్టిక వెనుక ఉండే ఎంపిక మోడల్ పంపే ‘సెలెక్షన్ ఛేంజ్డ్’. ఇది రెండు జాబితాలు తెచ్చి ఇస్తుంది. పొరపాటు జరిగేది సరిగ్గా ఇక్కడే.

ఒక ఊరి వర్షపాతం పట్టిక ఉందనుకోండి. సోమవారం 12 మిల్లీమీటర్లు, మంగళవారం 0, బుధవారం 8, గురువారం 4, శుక్రవారం గడి ఖాళీ. మొదటి మూడు గడులు ఎంచుకున్నాం, మొత్తం 20. షిఫ్ట్ పట్టుకుని ఎంపికను గురువారం దాకా పొడిగించాం. మొత్తం 24 రావాలి. కానీ సిగ్నల్ తెచ్చిన మొదటి జాబితాను కూడితే 4 మాత్రమే వస్తుంది. ఎందుకంటే ఆ జాబితాలో ఉన్నది కొత్తగా ఎంపికలోకి చేరిన గడి ఒక్కటే. రెండో జాబితాలో ఎంపిక నుంచి తప్పుకున్న గడులు ఉంటాయి. అంటే సిగ్నల్ చెప్పేది మార్పును, మొత్తం స్థితిని కాదు. బ్యాంకు నుంచి వచ్చే మెసేజ్‌లో ఈ రోజు జమ అయిన సొమ్ము మాత్రమే ఉంటే, దాన్నే ఖాతా నిల్వ అనుకున్నట్టు.

కాబట్టి సిగ్నల్‌ను తలుపు తట్టిన చప్పుడుగా మాత్రమే తీసుకుని, ‘ఇప్పుడు ఏయే గడులు ఎంపికలో ఉన్నాయి?’ అని పట్టికనే మళ్లీ అడగడం మంచిది. క్యూటేబుల్‌విడ్జెట్‌లో ‘ఐటమ్ సెలెక్షన్ ఛేంజ్డ్’ అనే మరో సిగ్నల్ ఉంది, అది ఏ జాబితా లేకుండా వట్టి చేతులతో వస్తుంది. నా దృష్టిలో నేర్చుకునేవారికి అదే మేలు, తప్పు జాబితాను నమ్మే అవకాశమే ఇవ్వదు.

అడగడంలోనూ ఒక మెలిక ఉంది. శుక్రవారాన్ని కూడా కలిపి ఎంచుకుని ‘సెలెక్టెడ్ ఐటమ్స్’ అని అడిగితే నాలుగే వస్తాయి. ఎన్నడూ ఏమీ నింపని గడిలో ఐటమ్ అనేదే ఉండదు కనుక అది లెక్కలోకి రాదు. ‘సెలెక్టెడ్ ఇండెక్సెస్’ అని అడిగితే ఐదూ వస్తాయి. 24ను నాలుగుతో భాగిస్తే సగటు 6, ఐదుతో భాగిస్తే 4.8. ఏది సరైనది? శుక్రవారం వాన పడలేదా, లేక కొలవలేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. అది వర్షమాపకం దగ్గర తేలాల్సిన విషయం, లైబ్రరీ తేల్చేది కాదు. ఇంకో తమాషా: ఎవరో ఆ గడిలో ఒక అంకె కొట్టి, తర్వాత చెరిపేశారనుకోండి. చూడటానికి ఖాళీయే, కానీ ఐటమ్ మిగిలిపోయింది. ఇప్పుడు ‘సెలెక్టెడ్ ఐటమ్స్’ కూడా ఐదు ఇస్తుంది. అందుకే ఇండెక్సులను తీసుకుని, ప్రతి గడిలో ఉన్నది అంకె అవునో కాదో మనమే పరీక్షించి, ‘5 గడుల్లో 4 విలువలు’ అని సగటు పక్కన చూపించాలి.

ఆ ఇండెక్సులు వరుసలో వస్తాయన్న హామీ లేదు. మొత్తానికి పరవాలేదు గానీ, ఎంచుకున్న భాగాన్ని కాపీ చేయాలంటే ముందు అడ్డువరుస, తర్వాత నిలువువరుస ప్రకారం సర్దుకోవాలి.

మౌస్‌తో లాగుతున్నప్పుడు కొత్త గడి చేరినప్పుడల్లా సిగ్నల్ వస్తుంది. వేల గడులున్న పట్టికలో ప్రతిసారీ మొదటి నుంచి కూడితే తెర తడబడుతుంది. ఒక టైమర్‌ను 100 మిల్లీసెకన్లకు పెట్టి, సిగ్నల్ వచ్చినప్పుడల్లా దాన్ని మళ్లీ మొదలుపెడితే చాలు. చేయి నిలిచాక ఒక్కసారే లెక్క జరుగుతుంది.

ఇక అసలు సిగ్నలే రాని సందర్భాలు. మనమే రాసిన డేటా మోడల్‌ను రీసెట్ చేస్తే ఎంపిక పోతుంది, అయినా ‘సెలెక్షన్ ఛేంజ్డ్’ రాదు. పట్టికలో కొత్త నెల, అడుగున పాత నెల మొత్తం! అలాగే ఎంపికలో ఉన్న బుధవారం గడిలో 8ని 18గా దిద్దితే ఎంపిక మారలేదు కాబట్టి ఆ సిగ్నల్ మౌనంగానే ఉంటుంది. మొత్తం లెక్కించే ఫంక్షన్‌ను ‘ఐటమ్ ఛేంజ్డ్’కు, సొంత మోడల్ అయితే ‘డేటా ఛేంజ్డ్’, ‘మోడల్ రీసెట్’ సిగ్నళ్లకు కూడా కలపాలి.