తెల్లవారుజామున ఎర్రలైటు

మా వీధిలో పేపర్ వేసే కుర్రాడు డిగ్రీ రెండో సంవత్సరం. మొన్న గేటు దగ్గర సైకిలు ఆపి అడిగాడు. "బాబాయ్ గారూ, ఈ వేళకి రోడ్డు మీద నరమానవుడు ఉండడు. అయినా రెడ్ పడితే ఆగాలంటారా? నాది సైకిలే కదా!" ఆగాలన్నాను. ఎందుకో చెప్పేలోపు తన లైన్‌లో ఇళ్ళకు పేపర్ ఆలస్యమవుతోందంటూ వెళ్ళిపోయాడు. గేటు దగ్గర నిలబడి రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

విజయవాడలో 1976లో, నా పదహారో ఏట పేపర్ వేయడం మొదలుపెట్టాను. తర్వాత సొంతంగా ఏజెన్సీ తీసుకున్నా, మోకాళ్ళు సహకరించినన్నాళ్ళూ ఒక లైన్ నేనే వేశాను. మొత్తం ముప్పై ఎనిమిదేళ్ళు. 1978లో ఈనాడు విజయవాడ ఎడిషన్ వచ్చాక, పొద్దు పొడవక ముందే పేపర్ గుమ్మంలో పడాలన్న పద్ధతి ఊళ్ళో గట్టిపడింది. అప్పటి నుంచి ఖాళీ రోడ్డంటే ఏమిటో మా పేపర్ వాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో.

1. రోడ్డు ఖాళీ అని మనం అనుకునేది మన చూపు ఆనినంత మేరకే.

బెంజ్ సర్కిల్ సంగతి చెబుతాను. చెన్నై నుంచి కోల్‌కతా వెళ్ళే హైవే, బందరు రోడ్డు అక్కడ కలుస్తాయి. 2020లో ఒక ఫ్లైఓవర్, 2021లో రెండోది వచ్చే వరకూ దూరప్రాంతాల లారీలన్నీ ఆ సర్కిల్ మధ్య నుంచే పోవాలి. పటమట వైపు రెండు వందల పేపర్లు కట్టుకుని నేను రోజూ దాటింది అక్కడే. ముందు సంచి, వెనక క్యారేజీ మీద కట్ట. అంత బరువుతో ఆగిన చోటు నుంచి తొక్కి, నలభై మీటర్ల కూడలి దాటడానికి పన్నెండు సెకన్లు పడుతుంది. నేను లెక్కపెట్టుకునేవాణ్ణి. గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ ఆ పన్నెండు సెకన్లలో రెండు వందల మీటర్లు వచ్చేస్తుంది. అంటే నేను మొదటి తొక్కు తొక్కేటప్పుడు రెండు వందల మీటర్ల అవతల ఉన్న లారీ, నేను చివరి తొక్కులో ఉండగా నా పక్కన ఉంటుంది. అంత దూరం, అదీ చీకట్లో, రెండు పక్కలా చూశామని గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలమా? ఇప్పుడు ఫ్లైఓవర్ స్తంభాలు కూడా చూపుకు అడ్డం.

పోనీ లారీవాడు మనల్ని చూసి బ్రేకు వేస్తాడనుకుందాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం అరవై కిలోమీటర్ల వేగంలో ఉన్న బండికి, డ్రైవరు చూసిన క్షణం నుంచి బండి పూర్తిగా ఆగే వరకూ 80 మీటర్లు కావాలి. అది మెలకువగా ఉన్న డ్రైవరుకు. తెల్లవారుజామున వచ్చేవాడు రాత్రంతా స్టీరింగ్ పట్టుకుని ఉన్నవాడు. పైగా వాడికి పచ్చలైటు కనపడుతోంది. పచ్చ చూసి బ్రేకు మీద కాలు ఎవరు పెడతారు?

2. మనకు వాళ్ళు కనపడినా, వాళ్ళకు మనం కనపడం.

నా మొదటి సైకిలుకు డైనమో ఉండేది. టైరుకు ఆనుకుని తిరిగే చిన్న సీసాలాంటిది. చక్రం జోరుగా తిరిగితే లైటు బాగా వెలిగేది, నెమ్మదిస్తే మసకబారేది, ఆగితే ఆరిపోయేది. కూడలి దగ్గర అటూ ఇటూ చూసుకుంటూ మెల్లగా జారుకునే ఆ పది క్షణాల్లోనే నా దగ్గర వెలుతురు ఉండేది కాదు. బ్యాటరీ లైట్లు వచ్చాక ఆ బాధ పోయింది కానీ, పేపర్ వేసే సైకిళ్ళలో చాలావాటికి ఇప్పటికీ వెనక ఏ లైటూ లేదు. సైకిలుకు చప్పుడు కూడా ఉండదు. చీకట్లో చప్పుడు లేకుండా, వెలుతురు లేకుండా, రాకూడని వైపు నుంచి వచ్చేదాన్ని ఎదుటివాడు చూసుకోవాలనడం అన్యాయం.

3. "తగిలితే నాకే కదా తగిలేది" అన్న మాట నిజం కాదు.

ఇది చెప్పడం నాకు కష్టం. అయినా ఈ రాతంతా దీనికోసమే.

1997 వానాకాలం. ఆ రోజు పేపర్ వ్యాను గంటన్నర ఆలస్యంగా వచ్చింది. గాంధీనగర్‌లో మూసి ఉన్న షాపు మెట్ల మీద కూర్చుని మెయిన్ పేపర్లో టాబ్లాయిడ్లు పెట్టుకుంటున్నాం. నా దగ్గర ఇంటర్ చదివే అబ్బాయి ఒకడు ఉండేవాడు. నెమ్మదస్తుడు, లెక్క తప్పనివాడు. అంతకు ముందు రోజు వాడి లైన్లో ఇద్దరు పెద్దమనుషులు ఆలస్యం గురించి నాకు ఫిర్యాదు చేశారు. ఆ కోపమంతా వాడి మీద చూపించాను. "ఆరు దాటి ఒక్క ఇంటికి పేపర్ పడినా రేపటి నుంచి రానక్కర్లేదు" అన్నాను. వాడు మారు మాట్లాడకుండా కట్ట ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

ఏలూరు రోడ్డు మీద కూడలిలో రెడ్ ఉంది. రోడ్డు ఖాళీగానే ఉంది, సన్నగా జల్లు పడుతోంది. వాడు ఆగలేదు. కుడి పక్క సందు నుంచి పాలు పోసే ఆయన మోపెడ్ మీద వచ్చాడు. రెండు వైపులా క్యాన్లు. ఆయనకు గ్రీన్ ఉంది. సైకిలుని తప్పించబోయి తడి రోడ్డు మీద జారి, బండి కింద పడ్డాడు.

నాకు కబురొచ్చి పరుగెత్తేసరికి రోడ్డంతా పాలు. వాన నీళ్ళతో కలిసి కాలవలోకి పోతున్నాయి. పేపర్లు పాలల్లో నానుతున్నాయి. మా కుర్రాడికి గీత కూడా పడలేదు. పచ్చలైటుకు వచ్చిన ఆయన మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. నెలన్నర కట్టు. ఆ నెలన్నరా ఆయన భార్య క్యాన్లు చేత్తో మోసుకుంటూ ఇల్లిల్లూ తిరిగింది. సాయానికి నేను ఇద్దరు పిల్లల్ని పంపాను, ఆసుపత్రి ఖర్చు కట్టాను. కానీ తర్వాత ఆయన ఎప్పుడూ కుంటుతూనే నడిచాడు. మా కుర్రాడు మరో వారం వచ్చి మానేశాడు. నేను తిట్టలేదు, మానమనలేదు. వాడే నా ముఖం చూడలేకపోయాడు. నిజానికి తల దించుకోవలసింది నేను.

సిగ్నల్ అంటే మనల్ని ఆపే లైటు అనుకుంటాం. అడ్డం వచ్చేవాడికి అది ఇచ్చిన మాట. "నువ్వు రావచ్చు, అటువైపు వాళ్ళు ఆగి ఉంటారు" అని. ఆ మాట నమ్ముకునే పాలాయన వచ్చాడు.

4. గ్రీన్ చివర్లో దూరవద్దు.

రెడ్ దాటడం తప్పని అందరికీ తెలుసు. గ్రీన్‌లోనే వెళ్ళి దెబ్బతినే సైకిళ్ళ సంగతి ఎవరూ చెప్పరు. పసుపు లైటు వెలిగేది మామూలుగా మూడు, నాలుగు సెకన్లు. అది మోటారు బండ్లకు సరిపోతుంది. పేపర్ల బరువుతో ఉన్న సైకిలు సెకనుకు నాలుగు మీటర్లే. గ్రీన్ ఆఖరి క్షణంలో లోపలికి వెళితే, మనం కూడలి మధ్యలో ఉండగానే పసుపు అయిపోయి అటువైపు వాళ్ళకు గ్రీన్ పడుతుంది. అంకెలు తగ్గుతూ కనపడే సిగ్నల్ ఉంటే, పెద్ద కూడలిలో అంకె పదికి దిగాక నేను వెళ్ళేవాణ్ణి కాదు. వెనక నుంచి హారన్లు కొట్టేవాళ్ళు. కొట్టనివ్వండి.

5. మెరిసే లైటుకు అర్థం ఉంది.

రాత్రి పూట చాలా చోట్ల సిగ్నళ్ళను మెరిసే పద్ధతిలో పెడతారు. పసుపు మెరుస్తుంటే నెమ్మదించి చూసుకుని వెళ్ళమని. ఎరుపు మెరుస్తుంటే పూర్తిగా ఆగి, ఎవరూ లేకపోతే వెళ్ళమని. రెండూ ఒకటి కావు. నా దగ్గర చేరిన ప్రతి కుర్రాడికీ మొదటి రోజే ఇది చెప్పేవాణ్ణి. చాలామందికి అప్పటి వరకూ తెలియదు.

కార్పొరేషనుకూ ట్రాఫిక్ పోలీసులకూ ఒక విన్నపం. తెల్లవారుజామున బండ్లు తిరగని కూడళ్ళలో పూర్తి సిగ్నల్ నడపకండి, మెరిసే లైటు పెట్టండి. ఖాళీ కూడలిలో తొంభై సెకన్ల రెడ్ పెట్టి, ఎవరూ దాటకూడదంటే అది కుర్రాళ్ళకు పరీక్షే అవుతుంది. ఆగమనే హక్కు మీకుంది. అనవసరంగా ఆపకుండా చూసే బాధ్యత కూడా మీదే.

6. చలానా రాదని దాటడం.

నా చిన్నతనంలో సైకిలుకు మున్సిపాలిటీ బిళ్ళ ఉండాలి. లైటు లేకపోయినా, డబుల్స్ వెళ్ళినా పోలీసు ఆపి టైర్లలో గాలి తీసేసేవాడు. ఇప్పుడు అవేవీ లేవు. 1988 మోటారు వాహనాల చట్టం చెప్పే మోటారు వాహనంలో సైకిలు రాదు. నంబరు ప్లేటు లేదు కాబట్టి కూడలిలో కెమెరా మన ఫొటో తీసినా ఇంటికి చలానా పంపలేదు. అంతమాత్రాన లైటు మనకు కాదని అర్థం చేసుకుంటే ఎలా? ఒక సంగతి గుర్తుంచుకోండి. ప్రమాదం జరిగి పరిహారం కోసం ట్రిబ్యునల్‌కు వెళితే, సైకిలువాడు రెడ్‌లో దాటాడని తేలినప్పుడు అతని వంతు తప్పు లెక్కగట్టి పరిహారంలో కోత పెడతారు. కూలి డబ్బులతో బతికే ఇంట్లో ఆ కోత చిన్నది కాదు.

7. వేరే దేశాల్లో ఒప్పుకుంటారు కదా అంటే...

మా చెల్లెలి కొడుకు అమెరికాలో ఐడహో రాష్ట్రంలో ఉంటాడు. ఆఫీసుకు సైకిలు మీద వెళతాడు. "మావయ్యా, ఇక్కడ సైకిలుకు వేరే రూలు. రెడ్ దగ్గర ఆగి, ఎవరూ లేకపోతే వెళ్ళిపోవచ్చు" అని ఫోన్లో చెప్పాడు. నిజమే. 1982లోనే అక్కడ చట్టం చేశారు. చిన్నచిన్న సైకిలు కేసులతో కోర్టులు నిండిపోతున్నాయని ఆలోచించి చేశారు. ఆగిన సైకిలును మళ్ళీ జోరందుకునేలా తొక్కడం ఎంత కష్టమో తొక్కేవాడికే తెలుసు. పారిస్‌లో కూడా కొన్ని కూడళ్ళలో సిగ్నల్ స్తంభానికి చిన్న ముక్కోణపు బోర్డు ఉంటుంది. ఆ బోర్డు ఉన్న చోట, అది చూపించిన దిక్కుకు మాత్రం, నడిచేవాళ్ళకు దారి ఇస్తూ సైకిలు రెడ్‌లోనూ వెళ్ళవచ్చు.

ఆ చట్టాలు తప్పని నేననను. సైకిలు తొక్కేవాడి కాళ్ళ కష్టం తెలిసిన చట్టాలవి. కానీ రెండు సంగతులు చూడండి. ఐడహోలో కూడా రెడ్ దగ్గర ముందు ఆగాలి, కాలు కింద పెట్టినంత పనిగా ఆగాలి. అంతకంటే ముఖ్యం, అక్కడి రూలు సైకిలువాడికీ తెలుసు, కారువాడికీ తెలుసు. మన ఊళ్ళో నేను నాకు నేనే పెట్టుకున్న రూలు నాకొక్కడికే తెలుసు. పాలాయనకు తెలియదు. మనకూ అలాంటి చట్టం కావాలనుకుంటే అడుగుదాం, ఏ కూడలిలో కుదురుతుందో చూపించి అడుగుదాం. అది వచ్చే వరకూ ఆగాలి.

8. ఆగడం కూడా తెలియాలి.

ఎడమ అంచున ఆగితే ఫ్రీ లెఫ్ట్ తిరిగే బండ్లు మీదికి వస్తాయి. నేరుగా వెళ్ళేవాడు ఆ దారి వదిలి, దానికి కుడిగా, గీతకు వెనక నిలబడాలి. లారీ పక్కన నిలబడవద్దు. డ్రైవరు క్యాబిన్ కింద ఉన్నవాణ్ణి చూడలేడు. వెనకన్నా ఉండండి, అతనికి కనపడేంత ముందన్నా ఉండండి. ముందు సంచి బరువుకు హ్యాండిల్ పక్కకు తిరిగిపోతుంది కాబట్టి ఒక చెయ్యి బ్రేకు మీదే ఉంచండి. గ్రీన్ పడగానే కాదు, పడ్డాక ఒకసారి కుడికి చూసి తొక్కండి. అవతలివాడు ఆఖరి నిమిషంలో దూరి రావచ్చు.

9. ఏజెంట్లకు, పేపర్ వేయించుకునేవాళ్ళకు.

మా లైన్లో అయిదు సిగ్నళ్ళు. అన్నింటి దగ్గరా తొంభై సెకన్ల చొప్పున పూర్తిగా ఆగినా ఏడున్నర నిమిషాలు. కుర్రాడు లైటు దాటేది ఆ ఏడున్నర నిమిషాల కోసం. వాటికోసం వాణ్ణి తరిమేది మనం. 1997లో ఆ అబ్బాయి రెడ్ దాటడానికి కారణం వాడి తొందర కాదు, నా నోరు. ఆ రోజు తర్వాత నేను ఏ కుర్రాణ్ణీ ఆలస్యానికి తిట్టలేదు. వ్యాను ఆలస్యమైన రోజు లైన్‌ను ఇద్దరికి పంచేవాణ్ణి. ప్రతి సైకిలు వెనకా ఎర్ర రిఫ్లెక్టరు నా డబ్బుతోనే బిగించాను. ఏజెంట్లారా, మీరూ బిగించండి. మీ కుర్రాళ్ళు కొత్తగా చేరిన రోజు లైన్‌లో ఇళ్ళు చూపించినట్టే సిగ్నళ్ళూ చూపించండి.

పేపర్ వేయించుకునే అన్నయ్యలకు, అమ్మలకు: పేపర్ పది నిమిషాలు ఆలస్యమైతే వెంటనే ఏజెంటుకు ఫోన్ చేయవద్దు. ఇంకో పావుగంట చూడండి.