దిగడానికి చోటు కావాలి

మా హాస్టల్ హాల్లో గోడకు ఒక ప్రపంచ పటం ఉంది. ఈ వార్షికోత్సవ సంచిక కోసం ఒక పక్షి ప్రయాణాన్ని ఆ పటం మీద పెన్సిలుతో గీయాలనుకున్నాం. కానీ పక్షి బయలుదేరే అలాస్కా పటానికి ఎడమ చివర ఉంది. చేరుకునే ఆస్ట్రేలియా కుడి చివర ఉంది. మధ్యలో ఉండాల్సిన పసిఫిక్ మహాసముద్రాన్ని పటం రెండు ముక్కలు చేసింది. గీత కుదరలేదు. చివరకు బడి నుంచి గ్లోబు తెచ్చి, దాని మీద దారం పెట్టి చూశాం. దారం పొడవునా దాదాపు అంతా నీలం రంగే! అంత దూరం ఆ పక్షి ఎక్కడా వాలకుండా ఎగిరిందంటే మాకు మొదట నమ్మబుద్ధి కాలేదు.

ఆ పక్షి పేరు బార్ టెయిల్డ్ గాడ్‌విట్. తోక మీద అడ్డచారలు ఉండటం వల్ల ఆ పేరు వచ్చింది. మన చెరువు గట్ల మీద తిరిగే ఉల్లంకి పిట్టల కుటుంబానికి చెందినది. పొడవైన ముక్కు కొంచెం పైకి వంగి ఉంటుంది. ఆ ముక్కును బురదలో గుచ్చి పురుగులను, చిన్న చిన్న గుల్లలను ఏరుకు తింటుంది. న్యూజిలాండ్‌లోని మావోరీ ప్రజలు దీన్ని కువాకా అంటారు.

జాడ ఎలా తెలిసింది?

పూర్వం పక్షి కాలికి నంబరు వేసిన ఉంగరం తొడిగి వదిలేవారు. మన దేశంలోనూ సలీం అలీ గారి నాయకత్వంలో ఈ పని పెద్ద ఎత్తున జరిగింది. అయితే ఆ పక్షి మళ్ళీ ఎవరికైనా దొరికితేనే దాని సంగతి తెలుస్తుంది. తర్వాత దూరం నుంచే దుర్భిణీతో గుర్తుపట్టేలా రంగు ఉంగరాలు వచ్చాయి. అయినా దారి మధ్యలో ఏం జరిగిందో తెలియదు.

ఇప్పుడు పక్షికి చిన్న ట్రాన్స్‌మీటర్ అమరుస్తున్నారు. అది పంపే సంకేతాలను ఉపగ్రహం అందుకుంటుంది. రైలు దగ్గరకు వస్తున్నప్పుడు కూత సన్నగా, దూరమవుతున్నప్పుడు బొంగురుగా వినిపిస్తుంది కదా! దీన్నే డాప్లర్ ఫలితం అంటారు. ఉపగ్రహం పక్షి మీదుగా వెళ్ళేటప్పుడు సంకేతం కూడా అలాగే మారుతుంది. ఆ మార్పును లెక్కగట్టి పక్షి ఉన్న చోటును కనుక్కుంటారు.

2007లో న్యూజిలాండ్‌లో ఒక ఆడ గాడ్‌విట్‌కు శస్త్రచికిత్స చేసి, పొట్ట లోపల ట్రాన్స్‌మీటర్ ఉంచారు. దాని పేరు ఇ7. మార్చిలో అది బయలుదేరి 10,000 కిలోమీటర్లకు పైగా ఆగకుండా ఎగిరి, చైనా, ఉత్తర కొరియా సరిహద్దులోని యాలూ నది ముఖద్వారంలో దిగింది. అక్కడ కొన్ని వారాలు తిని, బలం పుంజుకుని, గుడ్లు పెట్టడానికి అలాస్కా వెళ్ళింది. ఆగస్టు చివర్లో అలాస్కా నుంచి బయలుదేరి, దాదాపు 11,600 కిలోమీటర్లు ఎనిమిది రోజులకు పైగా ఎగిరి న్యూజిలాండ్ చేరింది. అంటే తిరుగు ప్రయాణంలో ఒక్కచోట కూడా ఆగలేదు. ఇది నేలమీది పక్షి. బాతులాగా నీళ్ళ మీద కూర్చోలేదు.

2022లో బి6 అనే పక్షి ఆ రికార్డును కూడా దాటింది. దాని వయసు అప్పటికి సుమారు ఐదు నెలలు. వీపు మీద ఉన్నది 5 గ్రాముల సోలార్ ట్రాన్స్‌మీటర్. అక్టోబర్ 13న అలాస్కాలో లేచి 24న ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో దిగింది. 11 రోజుల 1 గంటలో 13,560 కిలోమీటర్లు. మేము భాగించి చూస్తే గంటకు సగటున 51 కిలోమీటర్లు వచ్చింది. రైల్లో హైదరాబాద్ నుంచి ఢిల్లీ దూరం కన్నా ఇది ఎనిమిది రెట్లు. ప్రయాణానికి ముందు ఈ పక్షులు ఒంటి బరువులో సగం దాకా కొవ్వు నింపుకుంటాయి. బరువు తగ్గించుకోవడానికి పేగులు, జీర్ణాశయం చిన్నవవుతాయి.

మరి ఎందుకు తగ్గుతున్నాయి?

ఇంత శక్తి ఉన్న పక్షి సంఖ్య తగ్గుతోంది. దీనికి జవాబు ఇ7 దిగిన చోటే దొరికింది. చైనా, కొరియాల మధ్య ఉన్న పసుపు సముద్రం ఒడ్డున అలలు వెనక్కి పోయినప్పుడు విశాలమైన బురద మైదానాలు బయటపడతాయి. ఉత్తరాదికి వెళ్ళే లక్షల పక్షులకు అదే అన్నశాల. పరిశ్రమలకు, పొలాలకు, ఓడరేవులకు అక్కడ గోడలు కట్టి మట్టి పోశారు. యాభై ఏళ్ళలో అక్కడి బురద మైదానాల్లో మూడింట రెండు వంతుల దాకా పోయాయని అంచనా. దక్షిణ కొరియాలో సేమాంగుమ్ దగ్గర 33 కిలోమీటర్ల గోడను 2006లో పూర్తిగా మూశారు.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 1993 నుంచి 2012 వరకు ఏటా పక్షులను లెక్కపెట్టిన వివరాలను శాస్త్రవేత్తలు పరిశీలించారు. పసుపు సముద్రం మీద ఎంత ఎక్కువగా ఆధారపడితే ఆ పక్షులు అంత వేగంగా తగ్గాయని 2017లో ప్రకటించారు. గాడ్‌విట్లలోనే అలాస్కా రకం అక్కడ ఒక్కసారే ఆగుతుంది. సైబీరియా రకం పోతూ, వస్తూ రెండుసార్లు ఆగుతుంది. ఆ రెండో రకమే ఎక్కువ వేగంగా తగ్గింది.

అయితే ఆశ లేకపోలేదు. చైనా 2018లో సముద్ర తీరాన్ని పూడ్చే పనులకు చాలావరకు అడ్డుకట్ట వేసింది. అక్కడి తీరంలో కొంత భాగం 2019లో, కొరియా బురద నేలలు 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. ఇ7 ఆగిన యాలూ ముఖద్వారం కూడా 2024లో చేరింది. ఏ చోటును కాపాడాలో చూపించిన వాటిలో ఆ చిన్న ట్రాన్స్‌మీటర్లు కూడా ఉన్నాయి.

మనం నేర్చుకోవలసింది

బురద నేల ఖాళీగా కనిపిస్తుంది. ఎవరికీ పనికిరాదనిపిస్తుంది. మన కాకినాడ దగ్గర కోరింగ బురద నేలలకూ, కొల్లేరుకూ ప్రతి చలికాలం దూరదేశాల పక్షులు వస్తాయి. మన ఊరి చెరువు శిఖం కూడా ఏదో ఒక పిట్టకు దారిలో దొరికే అన్నం ముద్దే. దాన్ని పూడ్చేముందు ఆలోచించాలి.

ఇంకొక్క మాట. 'తెలివి ఉన్నవాడు ఎక్కడున్నా చదువుకుంటాడు' అని పెద్దలు అంటూ ఉంటారు. గాడ్‌విట్‌కు ఎగిరే శక్తి లేక కాదు, దిగే చోటు లేక తగ్గింది. హాస్టల్లో సీటు దొరక్క బడి మానేసిన స్నేహితులు మా ఊళ్ళలో ఉన్నారు. వాళ్ళు మాకన్నా తక్కువ తెలివైనవాళ్ళు కాదు. మాకు ఇక్కడ రెండు పూటలా అన్నం, తల దాచుకోను చోటు, రాత్రి చదువుకోను లైటు దొరికాయి. ఇక్కడి నుంచి ఎగిరి వెళ్ళిన అన్నయ్యలకు ఈ సంగతి మేము చెప్పనక్కరలేదు. ఎంత దూరం వెళ్ళినా ఈ చోటును మరిచిపోవద్దని, మా వెనక వచ్చే తమ్ముళ్ళకు కూడా ఇది మిగలాలని కోరుకుంటూ ముగిస్తున్నాం.